తుపాకీ పేలిన తర్వాత



అమెరికాలో దక్షిణ డకోటా అని ఒక రాష్ట్రం ఉంది. దాని రాష్ట్రపక్షి ఫెజంట్. పుంజును చూస్తే కళ్ళు తిప్పుకోలేం. పచ్చగా మెరిసే తల, కంటి చుట్టూ ఎర్రటి తోలు, మెడకు తెల్లటి పట్టీ, మూరెడు తోక. 1943లో దానికి ఆ హోదా ఇచ్చారు. తమాషా ఏమిటంటే అది డకోటా పిట్ట కాదు సరికదా, అసలు అమెరికా పిట్టే కాదు. షాంఘైలో అమెరికా కాన్సల్‌గా పనిచేసిన ఓవెన్ డెన్నీ అనే ఆయన 1881, 82 సంవత్సరాల్లో చైనా ఫెజంట్లను ఓడకెక్కించి ఆరెగన్‌కు పంపాడు. దాని అమెరికా కాపురం అలా మొదలైంది. దక్షిణ డకోటాలో స్పింక్ కౌంటీ రైతులు 1908 ప్రాంతంలో కొన్ని పిట్టలు తెప్పించి పొలాల్లో వదిలారు. 1919లో ఆ ఒక్క కౌంటీలో, ఒకే ఒక్క రోజు వేటకు అనుమతి ఇచ్చారు. 1945కల్లా రాష్ట్రం మొత్తం మీద కోటిన్నర దాటాయని అంచనా.

పిట్టది చైనా. నా కుక్క జాతిది జర్మనీ. మాది నరసరావుపేట. ఈ ముగ్గురిలో ఎవరికీ ఆ నేల పుట్టిల్లు కాదు, కానీ నవంబరు వచ్చిందంటే ముగ్గురం ఒకే జొన్నచేలో తేలతాం.

వేట అనగానే మీలో కొందరి మొహం ముడుచుకుపోయి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాత 1991లో చేసిన సవరణ కలిసి వేట అన్నమాటకు దాదాపు తలుపు మూసేశాయి. మూయడమే సరైనదని నా అభిప్రాయం కూడా. అక్కడి సంగతి వేరు. లైసెన్సు ఉంటుంది, సీజను ఉంటుంది, రోజుకు ఇన్నే అని లెక్క ఉంటుంది. ఫెజంట్లలో అయితే మనిషికి రోజుకు 3 పుంజులు, పెట్ట జోలికి పోకూడదు. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది కాబట్టి కొన్ని పుంజులు తగ్గినా మరుసటి ఏడాది పిల్లలకు లోటు రాదు. అయినా నేను వేటను వెనకేసుకు రావడానికి కూర్చోలేదు. కుక్క గురించి చెప్పాలని వచ్చాను.

వేటకుక్కలకు పని పంచిపెట్టడం ఇంగ్లండు పద్ధతి. పిట్ట ఎక్కడుందో చూపడానికి పాయింటరో సెట్టరో, పొదల్లోంచి లేపడానికి స్పానియల్, పడ్డదాన్ని తేవడానికి రిట్రీవర్. పెద్ద ఎస్టేటూ, కుక్కల్ని చూసుకోవడానికి నౌకర్లూ ఉన్న దొరలకు అది చెల్లింది. జర్మనీలో కథ మలుపు తిరిగింది. 1848 తిరుగుబాట్ల తర్వాత వేట హక్కు ప్రభువుల చేతుల్లోంచి జారి, భూమి ఎవరిదైతే వాళ్ళకు దక్కింది. ఊరి డాక్టరుకూ అడవి కాపలాదారుకూ మోతుబరి రైతుకూ నాలుగు రకాల కుక్కల్ని మేపే తాహతు లేదు. ఒకటే కావాలి. అది పొలంలో పిట్టను పట్టివ్వాలి, చెరువులో బాతును తేవాలి, అడవిలో గాయపడ్డ జింక జాడ తీయాలి, రాత్రికి పొయ్యి దగ్గర పిల్లల పక్కన పడుకోవాలి. హెగెవాల్డ్ అనే కలంపేరుతో రాసిన ఒక బారన్‌గారు ఈ ఆలోచనను పట్టుకుని ప్రచారం చేశాడు. ముందు పని చూడండి, రూపం దాని వెనకే వస్తుంది అన్నది ఆయన వాదన. ఆ దారిలో పుట్టినవే ఇవాళ మనం చూసే జర్మన్ షార్ట్‌హెయిర్, వైర్‌హెయిర్, పూడెల్‌పాయింటర్ లాంటి జాతులు. వైర్‌హెయిర్‌కు జర్మనీలో సొంత సంఘం 1902లో ఏర్పడింది. వీటన్నిటినీ కలిపి అమెరికాలో వర్సటైల్ కుక్కలంటారు.

నా దగ్గరున్నది వైర్‌హెయిర్ జాతి ఆడకుక్క. పేరు సివంగి. ఇరుగుపొరుగు అమెరికన్లు ఆ పేరు పలకలేక శివ, శివ అంటారు, వినేవాళ్ళకు పుణ్యం. ఒంటినిండా కొబ్బరిపీచు లాంటి గరుకు బొచ్చు, దాని కింద మెత్తటి మరో పొర. నీళ్ళలో మునిగి లేచి ఒక్కసారి దులుపుకుందంటే సగం ఆరిపోతుంది. గడ్డమూ మీసమూ ఉన్నాయి. నీళ్ళు తాగాక ఆ గడ్డం తెచ్చి మన ప్యాంటుకే తుడుస్తుంది.

ఈ జాతిని పాయింట్ చూసి కొంటారు. పాయింట్ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. గాలిలో పిట్ట వాసన తగలగానే పరుగులో ఉన్న కుక్క ఉన్నచోటే బిగుసుకుపోతుంది. తోక నిటారు, ముందుకాలు ఒకటి పైకి, ముక్కు పిట్ట వైపు. పిట్ట అక్కడ గడ్డిలో నక్కి ఉంటుంది. మనం నడిచి వెళ్ళి లేపేదాకా కుక్క కదలకూడదు. చూడ్డానికి చాలా బాగుంటుంది, ఫొటోలకు ఇంకా బాగుంటుంది. కానీ నా లెక్కలో ఈ జాతి అసలు విలువ పాయింట్‌లో లేదు. తుపాకీ పేలిన తర్వాత ఉంది. ఈ సీజను కబుర్లన్నీ నేను అందుకే చెబుతున్నాను.

ఉత్తర అమెరికాలో ఈ కుక్కలకు పరీక్షలు పెట్టే సంఘం ఒకటి 1969 నుంచి నడుస్తోంది. పేరు నావ్డా. 16 నెలలు నిండని పిల్లలకు సహజ సామర్థ్య పరీక్ష అని ఒకటి ఉంటుంది, గరిష్ఠంగా 112 మార్కులు. ముక్కు, వెతుకులాట, పాయింట్, నీళ్ళలో ఈత, ఉత్సాహం, యజమానితో కలిసి పనిచేయడం, వీటన్నిటినీ చూస్తారు. వీటిలో నాకు నచ్చినది జాడ పరీక్ష. ఎగరకుండా రెక్కల ఈకలు తీసిన ఫెజంట్‌ను కుక్కపిల్లకు కనపడకుండా గడ్డిలో వదులుతారు. అది పరుగెత్తి పోతుంది. తర్వాత పిల్లను తెచ్చి, పిట్ట బయల్దేరిన చోట ముక్కు ఆనించి వదలాలి. అక్కణ్ణుంచి యజమాని నోరు మెదపకూడదు. కళ్ళతో వెతికే కుక్క అటూ ఇటూ గెంతి తిరిగొస్తుంది. ముక్కును నమ్మే కుక్క తల నేలకు దించి, పిట్ట ఎక్కడ వంకర తిరిగిందో అక్కడే తానూ వంకర తిరుగుతూ పోతుంది. ఏడాది నిండని పిల్ల, ఎవరూ నేర్పని పని అలా చేస్తుంటే చూడ్డం ఒక అనుభవం.

జర్మనీలో ఇది సరదా వ్యవహారం కూడా కాదు. చాలా రాష్ట్రాల వేట చట్టాలు, గాయపడ్డ జంతువును వెతికి పట్టగల శిక్షణ ఉన్న కుక్క లేనిదే కొన్ని రకాల వేటకు దిగకూడదంటాయి. కొట్టినదాన్ని పొదల్లో వదిలేసి రావడం అక్కడ పరువు తక్కువ పని.

సరే, సీజను. మాకు అది సెప్టెంబరు మూడో శనివారం మొదలవుతుంది. ఫెజంట్‌తో కాదు, షార్ప్‌టెయిల్ గ్రౌస్ అనే పిట్టతో. ఇది అచ్చంగా ఆ నేల బిడ్డ. దీనికోసం రాష్ట్రం మధ్యలో ఫోర్ట్ పియర్ పచ్చికబయలుకు వెళ్తాం. అది 1,16,000 ఎకరాల ప్రభుత్వ భూమి. అడుగుపెట్టేందుకు ఎవర్నీ అడగక్కర్లేదు. చెట్టన్నది వెతుక్కోవాలి. గడ్డి, గాలి, ఆకాశం, అంతే. మా పల్నాడు మెట్టపొలాల్లో పెరిగిన కళ్ళకు ఆ బయలు పరాయిగా అనిపించదు. అక్కడి గాలి మాత్రం వేరు, చెవుల్లో హోరెత్తిస్తుంది. కుక్కకు ఆ గాలే దారి చూపుతుంది. గాలికి ఎదురుగా, అడ్డంగా కుడి నుంచి ఎడమకూ ఎడమ నుంచి కుడికీ కోసుకుంటూ పోతుంది. మనం మైలు నడిస్తే అది నాలుగైదు మైళ్ళు పరుగెత్తుతుంది.

ఈ ఏడు మొదటి ఉదయం ఒక దిబ్బ వాలులో సివంగి పరుగు మధ్యలో తల తిప్పింది, ఒళ్ళు తిప్పలేదు. మెడ ఒకవైపు, నడుం ఒకవైపు, అలాగే ఆగిపోయింది. ముక్కుపుటాలు మాత్రం ఆడుతున్నాయి. పక్కటెముకల దగ్గర చర్మం అదురుతోంది. దాని ముందున్న గడ్డి నా మోకాలెత్తు కూడా లేదు, అందులో పిట్ట దాక్కోగలదంటే నమ్మబుద్ధి కాదు. పక్కగా చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళాను. నాలుగడుగుల దూరంలో నేల లేచినట్టు లేచాయి, ఒకటి కాదు, గుంపు. క్లక్ క్లక్ మని ఏదో అరుచుకుంటూ పోతాయి అవి. రెండు గుండ్లకు ఒకటి పడింది. కుక్క పిట్టలు లేచినా కదల్లేదు, తుపాకీ పేలినా కదల్లేదు. పేరు పెట్టి పిలిచి "తే" అన్నాకే కదిలింది. అది కదలకుండా ఉండటం వెనక రెండేళ్ళ చాకిరీ ఉంది, నాది కొంత, దానిది ఎక్కువ.

ఆ పిట్ట మేతసంచి కోసి చూస్తే మిడతలు, అడవి గులాబీ కాయలు. అక్కడి వేటగాళ్ళు మేతసంచి తప్పకుండా చూస్తారు, మర్నాడు ఏ పొదల వైపు పోవాలో అదే చెబుతుంది.

సెప్టెంబరులో భయం ఎండతోనే. దుమ్ములో, పొడిగాలిలో కుక్కకు వాసన సరిగా అందదు, అందుకని ఇంకా గట్టిగా పరుగెత్తుతుంది, ఒళ్ళు కాగిపోతుంది. 2003లో ఫెజంట్ సీజను మొదటి వారాంతం అక్టోబరులో కూడా ఎండ మండిపోయి, ఆ రాష్ట్రంలో చాలా వేటకుక్కలు వడదెబ్బకు చచ్చిపోయాయి. అందుకే నీళ్ళు మోసుకెళ్తాం, మన దాహానికి కాదు. కుక్క తనంతట తాను ఆగదు. ఆపాల్సింది మనమే.

ఇక ఫెజంట్. అక్టోబరు మూడో శనివారం ఆ రాష్ట్రంలో పండగ. మోటెళ్ళు నిండిపోతాయి, చర్చిల్లో భోజనాలు పెడతారు, స్కూలు పిల్లలు పిట్టలు శుభ్రం చేసి చేతిఖర్చులు సంపాదించుకుంటారు. హ్యూరన్ అనే ఊళ్ళో 28 అడుగుల ఫెజంట్ బొమ్మ కూడా ఉంది, 1959 నుంచి. ఉదయం 10 గంటలకు గానీ తుపాకీ ఎత్తకూడదని నియమం. 2020కి ముందు మొదటి వారమంతా మధ్యాహ్నం 12 దాకా ఆగాల్సి వచ్చేది. కంకరరోడ్ల వెంట బళ్ళు ఆపుకుని, గడియారాలు చూసుకుంటూ నిలబడి ఉంటారు జనం. వాళ్ళకు ఎదురుగానే గట్టుమీద పుంజులు కూస్తూ తిరుగుతుంటాయి, వాటికి చట్టం తెలుసన్నట్టు.

పాతికమంది వరసకట్టి మొక్కజొన్న చేను దున్నుకుంటూ పోయే వేట నాకు పడదు. ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంటాను. నవంబరులో పంట కోతలయ్యాక, జనం పలచబడ్డాక, ఇద్దరు మనుషులు ఒక కుక్క. అదీ నాకు నచ్చే వేట.

ఫెజంట్‌కు ఎగరడం కంటే పరుగెత్తడం ఇష్టం. సివంగి పాయింట్ పట్టి నిలబడుతుంది, మనం అక్కడికి చేరేలోగా పుంజు కాలినడకన వంద గజాలు దాటిపోయి ఉంటుంది. అనుభవం లేని కుక్క ఖాళీ గడ్డిని చూపిస్తూ నిలబడే ఉంటుంది. ముదిరిన కుక్క వాసన పలచబడటం పసిగట్టి, పిల్లిలా నాలుగడుగులు ముందుకు వేసి మళ్ళీ నిలబడుతుంది. మళ్ళీ కదులుతుంది. అలా పొలం చివరిదాకా తరిమి, గట్టు దగ్గర దానికి పోవడానికి చోటు లేనప్పుడు పట్టేస్తుంది. అప్పుడు లేస్తుంది పుంజు, కొక్ కొక్ కొక్ అని గొంతు చించుకుంటూ. ఎన్నాళ్ళ నుంచి వింటున్నా ఆ అరుపుకు గుండె ఝల్లుమంటుంది.

అలా నవంబరులో ఒక సాయంత్రం మా పక్కింటి పెద్దాయనా నేనూ ఒక పల్లపు గుంట అంచున ఉన్నాం. ఆయన రైతు, డెబ్బై దాటాయి, నాకు తుపాకీ పట్టడం నేర్పిన మనిషి. గుంట నిండా జమ్ము, మనిషెత్తు, ఎండి గలగలమంటోంది. ఒక పుంజు లేచింది, ఆయన కాల్చాడు. తగిలింది గానీ రెక్కకు. తల పైకెత్తుకునే పడింది. తల పైకెత్తి పడిన పుంజుకు కాళ్ళు బాగున్నాయని అర్థం. పడ్డచోటుకు మేం పరుగెత్తేసరికి రెండు ఈకలు తప్ప ఏమీ లేవు.

మేమిద్దరం అక్కడే జమ్ము తొక్కుతూ వెతుకుతున్నాం. సివంగి వచ్చి ఆ ఈకల దగ్గర ఒక్క క్షణం ముక్కు పెట్టింది. తర్వాత జమ్ములోకి కాదు, దానికి వ్యతిరేక దిక్కున, గట్టు ఎక్కి దున్నిన చేలోకి దిగింది. దున్నిన చేలో ఏం ఉంటుంది? దాక్కోవడానికి గడ్డిపోచ లేదు. నేను ఈల వేయబోయాను. పెద్దాయన చెయ్యెత్తి, "ఉండు, పిలవకు. ఆ ముక్కు మనకు లేదు" అన్నాడు. అది తల దించుకుని, ఒక చాలు వెంట తిన్నగా పోయి, చటుక్కున పక్క చాల్లోకి మారి, అవతలి కంచె దాటి చెట్ల వరుసలో మాయమైంది. మెడకున్న జీపీఎస్ పట్టీ దూరం చూపిస్తోంది. మూడొందల గజాలు, నాలుగొందలు. కాసేపు అక్కడక్కడే తిరిగింది. పొద్దు వాలుతోంది, సూర్యాస్తమయంతో వేట సమయం కూడా అయిపోతుంది. పెద్దాయన తుపాకీని మధ్యలో మడిచి భుజాన వేసుకుని, గట్టుమీద కూర్చుని పొగాకు నములుతున్నాడు, తొందరేమీ లేనట్టు.

అది వచ్చింది. పుంజు నోట్లో ఉంది, బతికే ఉంది, కళ్ళు మిటకరిస్తోంది. ఒక్క పన్ను గాటు లేదు. నా చేతికిచ్చి కూర్చుంది. మెడ విరిచేశాను. ఇది వినడానికి బాగుండదని నాకు తెలుసు. కానీ ఆ కుక్క లేకపోతే ఆ పుంజు విరిగిన రెక్కతో ఆ రాత్రి మంచులో గడిపేది, నక్క దొరికించుకునేదాకా. కొట్టడం చేతనైనవాడికి ముగించడం కూడా చేతకావాలి. ముగించే పని మనిషి తనకు ఆ ముక్కు లేక కుక్కకు అప్పజెప్పాడు. పదిమంది చప్పట్లు కొట్టే పాయింట్లు ఆ సీజనులో బోలెడు చూశాను. మీకు చెప్పాలనిపించింది మాత్రం ఈ ఒక్కటే.

ఇంటికొచ్చాక మన డ్యూటీ. చెవుల వెనకా చంకల్లోనూ మరులమాతంగి కాయలు చిక్కుకుని ఉంటాయి, నూనె రాసి ఒక్కొక్కటీ విడదీయాలి. అంతకంటే ప్రమాదం గడ్డి ముళ్ళతో. బాణం మొనలా ఉండే ఈ గింజకు వెనక్కి తిరిగిన సన్నటి నూగు ఉంటుంది. కాలివేళ్ళ మధ్యనో, చెవిలోనో, ముక్కులోనో దూరిందంటే ముందుకే పాకుతుంది, వెనక్కి రాదు. ఊపిరితిత్తుల దాకా పోయి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు పశువైద్యులు చెబుతుంటారు. కాబట్టి రోజూ రాత్రి వంటింటి నేలమీద టార్చి, చిమటా పెట్టుకుని వేలు వేలూ చూడాలి. సివంగి నాలుగు కాళ్ళూ పైకెత్తి గురకపెడుతుంటుంది.

పొయ్యి దగ్గర మా ఆవిడ రాజ్యం. ఫెజంట్ కోడి కుటుంబానిదే, నెమలికి కూడా చుట్టమే. రొమ్ము మాంసం ఎక్కువ ఉడికితే పీచు. కాళ్ళలో ఎముకల్లాంటి నరాలు ఉంటాయి, అవి లాగేయాలి. కాళ్ళను విడిగా నాటుకోడి పులుసు పద్ధతిలో, గసగసాలు కొబ్బరి నూరి సన్నటి సెగమీద పెడితే, రాగిసంకటిలోకి దానికి సాటి లేదు. పెద్దాయన మొదటిసారి తిని రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. ఇప్పుడు సొంతగా కారం డబ్బా కొనుక్కున్నాడు.

డిసెంబరు, జనవరి వేట ముదుర్ల ఆట. సీజను జనవరి 31 దాకా ఉంటుంది. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందకు పోయిన రోజుల్లో పిట్టలన్నీ జమ్ముగుంటల్లో ఒకచోట చేరతాయి. అప్పటిదాకా బతికిన పుంజులకు బండి తలుపు చప్పుడు అంటే ఏమిటో తెలుసు. తలుపు వేయకుండా ఆనించి వదిలేస్తాం, మాటల్లేవు, సైగలే. అయినా గుంట ఆ కొసన వందల కొద్దీ లేచిపోవడం చూస్తూ నిలబడిపోయే రోజులే ఎక్కువ. మంచుగడ్డ పలచగా ఉన్నచోటికి కుక్కను పోనివ్వం, ఎంత మంచి పుంజైనా సరే.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. పిట్ట సంఖ్యను పెంచేదీ తగ్గించేదీ తుపాకీ కంటే నాగలి. 1985 వ్యవసాయ చట్టంలో ఒక పథకం పెట్టారు. కోతకు గురయ్యే పొలాన్ని రైతు 10 నుంచి 15 ఏళ్ళు దున్నకుండా గడ్డికి వదిలేస్తే ప్రభుత్వం కౌలు ఇస్తుంది. ఆ గడ్డిలో పెట్టలు గుడ్లు పెట్టి పిల్లల్ని లేపాయి, పిట్టలు పెరిగాయి. 2007లో దేశం మొత్తం మీద ఆ పథకంలో 3 కోట్ల 60 లక్షల ఎకరాలకు పైగా ఉండేవి. తర్వాత మొక్కజొన్న ధర ఎగిరింది, గడ్డి దున్నేశారు, పిట్టలు తగ్గాయి. ఇది తలచుకుంటే నాకు మన రోళ్లపాడు గుర్తొస్తుంది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు ఆ పక్షి కనపడటమే గగనం. అది బతికేది గడ్డిలో. గడ్డినేలను మనం బంజరు అని రాసుకుంటాం, బంజరు అంటే ఎవరికైనా ఇచ్చేయవచ్చు. వేట ఆపేస్తే చాలదని, గడ్డి కూడా ఉంచాలని రోళ్లపాడు చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

సివంగికి వచ్చే వేసవిలో నావ్డా వాళ్ళ పెద్ద పరీక్ష ఉంది. జమ్ము నిండిన చెరువులో వదిలిన బాతును, యజమాని సాయం లేకుండా 10 నిమిషాలు ఆగకుండా వెతకాలి. అమెరికాలో ఉన్న శ్రోతలు ఎవరైనా చూడాలనుకుంటే ఇలాంటి పరీక్షలు చాలా రాష్ట్రాల్లో వసంతం నుంచి జరుగుతాయి, చూడ్డానికి ఎవరైనా రావచ్చు, పిల్లల్ని కూడా తీసుకురండి. తుపాకీ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. రబ్బరు బూట్లు మాత్రం వేసుకోండి. ఆ కుక్కలు నీళ్ళలోంచి బయటికొచ్చి దులుపుకునేది సరిగ్గా కొత్తవాళ్ళ పక్కనే.